మామగారికి ముద్ద పెట్టాలా, గొట్టం వేయించాలా?

తాడిపత్రి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు కాబట్టి ఊరి పేరు కూడా ఇవ్వడం లేదు. ఆమె మామగారికి 71 ఏళ్లు, జీవితమంతా చెనిక్కాయ పండించిన రైతు. నాలుగేళ్ల కిందట నడక మందగించి, ఒళ్లు బిగుసుకుపోయి, ఉన్నట్టుండి వెనక్కి పడిపోవడం మొదలైంది. పార్కిన్సన్ వ్యాధి అని చెప్పి సిన్డోపా మాత్రలు రాశారు. మొదట కొంత తేలికపడినట్లు అనిపించినా ఆ గుణం నిలవలేదు. ఏడాదిగా ఆయన కళ్లు దించి కంచంలోకి చూడలేకపోతున్నారు. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద కుక్కుకుంటున్నారు, నీళ్లు తాగితే దగ్గుతున్నారు, చొంగ కారుతోంది, మాట సన్నగిల్లింది. ఈ ఏడాది రెండుసార్లు నెమ్ము (న్యుమోనియా) చేసి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. రెండోసారి అక్కడి డాక్టరు, ఇది మామూలు పార్కిన్సన్ కాకపోవచ్చునని, దాన్ని పోలిన పి.ఎస్.పి. అనే జబ్బు కావచ్చునని చెప్పారు. ఇక నోటితో తినడం ప్రమాదమని, పొట్టకు గొట్టం వేయించే సంగతి ఇంట్లో మాట్లాడుకోమని చెప్పి పంపారు.

ఆ మాటతో ఇల్లు చీలిపోయింది. హైదరాబాదులో ఉండే బావగారు ఆలస్యం చేయకుండా గొట్టం వేయించమంటారు. భర్త, "మా నాయనను గొట్టం మీద బతికించే పని నా చేత కాదు" అంటారు. అత్తగారు "ముద్ద తినకుంటే మనిషి యెట్ల బతుకుతాడు" అని, అందరూ చేనికి పోయాక సంగటి, పప్పు తినిపిస్తున్నారు. రెండోసారి నెమ్ము చేయడానికి ముందు రోజు ఈ కోడలు పెట్టిన ముద్దకే ఆయనకు పొలమారి ముఖం కమిలిపోయింది. "నీ చేతి ముద్దే మా నాయన ప్రాణం మీదికి తెచ్చింది" అని ఆడపడుచు అన్నారు. "ఆ రోజు నుంచి ఆయనకు పెట్టాలంటే నా చెయ్యి ఆడటం లేదు. నా వల్లే నెమ్ము చేసిందా? సంగటి మానిపించాలా? గొట్టం వేయిస్తే ఈ దగ్గు, నెమ్ము పోతాయా? వేయించకపోతే ఆకలితో చంపిన పాపం మాదవుతుందా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి. అది మనసును తొలుస్తున్నంతకాలం మిగిలిన వాటి గురించి మీరు నిదానంగా ఆలోచించలేరు. మీరు పెట్టిన ముద్ద వల్లే నెమ్ము చేసిందని అనడానికి ఆధారం లేదు. మనం మింగేటప్పుడు నోటిలో, గొంతులో సుమారు 30 కండరాలు వరుస తప్పకుండా పనిచేస్తాయి. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఊపిరి గొట్టం మూసుకుంటుంది, అన్నం గొట్టం తెరుచుకుంటుంది. ఒక తూము మూసి నీటిని ఇంకో తూముకు మళ్లించినట్లు ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. ఈ జబ్బుల్లో కాళ్లూ చేతులూ మందగించినట్లే ఆ కండరాలూ మందగిస్తాయి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించినప్పుడే రోగులకు మింగడం కష్టమవుతుందని, నోటి నుంచి చొంగ కారుతుందని రాశారు. చొంగ కారేది కూడా ఉమ్మి ఎక్కువ ఊరడం వల్ల కాదు, మనం తెలియకుండా మింగేసే ఉమ్మిని వాళ్లు తరచుగా మింగకపోవడం వల్లనే.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి నీళ్లు ఇవ్వడం మన ఇళ్ల అలవాటు. మీ మామగారి విషయంలో దగ్గును వేరేగా చూడండి. దగ్గు వచ్చిందంటే గొంతు ఇంకా కాపలా కాస్తోందన్న మాట. ఎక్కువ భయపడవలసింది దగ్గు రాకుండా జారిపోయే దానికి. పార్కిన్సన్ రకపు జబ్బుల్లో నీళ్లు, ఉమ్మి, మెతుకులు కొద్దికొద్దిగా ఊపిరి గొట్టంలోకి జారుతున్నా చాలామందిలో దగ్గు రాదు. రాత్రి నిద్రలో జారే ఉమ్మి నోట్లోని క్రిములను మోసుకుపోయి ఊపిరితిత్తుల్లో వదులుతుంది. అది రోజుల తరబడి, నెలల తరబడి జరిగే పని. మీ ముద్దకు ఆయన ముఖం కమిలేలా దగ్గారు కాబట్టి అందరికీ ఆ ముద్దే గుర్తుండిపోయింది, అంతకుముందు చప్పుడు లేకుండా జారినవి ఎవరికీ తెలియవు. ఈ మాటలు మీ ఆడపడుచుకు కూడా చదివి వినిపించండి. ఆమె తన భయాన్ని మీ మీద పెట్టి చూస్తున్నారే తప్ప, మీ మీద పగతో అన్న మాటలా నాకు అనిపించలేదు.

జబ్బు పేరు సంగతికి వస్తాను. పి.ఎస్.పి., అంటే ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ, 1964లో కెనడాలోని టొరంటో వైద్యులు ముగ్గురు కలిసి వేరే జబ్బుగా గుర్తించి రాసినది. తొలి ఏడాదిలోనే వెనక్కి పడిపోవడం, కళ్లు కిందికి దించలేకపోవడం, సిన్డోపా గుణం నిలవకపోవడం, ఆగకుండా నోట్లో కుక్కుకోవడం అన్నీ దానివైపు చూపే లక్షణాలే అయినా, ఉత్తరం చదివి నేను నిర్ణయించే విషయం కాదిది. నరాల వైద్యుడు ఎదురుగా చూసి తేల్చాలి. మామూలు పార్కిన్సన్‌లో మింగే కష్టం ఇంత తీవ్రంగా రావడానికి సాధారణంగా చాలా ఏళ్లు పడుతుంది. పి.ఎస్.పి.లో అది కొద్ది ఏళ్లలోనే వస్తుంది, ఆగకుండా పెరుగుతుంది. మీరు తీసుకోబోయే నిర్ణయాలకు ఎంత వ్యవధి ఉందో ఈ తేడాయే చెబుతుంది. అందుకే పేరు తేలడం అవసరం.

ఇంకొకటి. తల తిరుగుతోందంటే ఊళ్లో ఇచ్చిన మాత్ర ఆయన ఇప్పటికీ వేసుకుంటున్నారని రాశారు, దాని పేరు రాయలేదు. తల తిరుగుడుకు విరివిగా ఇచ్చే సిన్నరిజిన్, స్టెమెటిల్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వంటివి మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని ఒళ్లు బిగుసుకోవడాన్ని, మింగే కష్టాన్ని పెంచగలవు. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఆ ఊరి మాత్రతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. సిన్డోపాను మాత్రం, గుణం లేదనిపించినా, మీ అంతట మీరు ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కొయ్యబారే ప్రమాదం ఉంది.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "మంచం మీద దిండుకు ఆనించి కూర్చోబెట్టి, నేను నిలబడి పెడతాను" అన్నారు. ఒకసారి ఆ దృశ్యాన్ని పక్క నుంచి చూడండి. ఆయన వెనక్కి వాలి ఉన్నారు. ముద్ద పై నుంచి వస్తోంది. కళ్లు కిందికి దిగవు కాబట్టి, దాన్ని అందుకోవడానికి ఆయన తల పైకెత్తుతారు. పి.ఎస్.పి.లో మెడ అసలే వెనక్కి బిగుసుకుని ఉంటుంది. గడ్డం పైకి లేచినప్పుడు ఊపిరి గొట్టం దారి తెరుచుకుంటుంది, మింగడం ఇంకా కష్టమవుతుంది. ఇందులో మీ తప్పు ఏమీ లేదు, ఎవరూ చెప్పకపోతే ఏ ఇంట్లోనైనా ఇలాగే పెడతారు. రేపటి నుంచి ఆయనను చేతులున్న కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా, వీపు నిటారుగా ఉండేలా కూర్చోబెట్టండి. మీరు ఆయన ఎదురుగా అంతే ఎత్తులో, వీలైతే కొంచెం తక్కువ ఎత్తులో కూర్చుని, గడ్డానికి కింది వైపు నుంచి ముద్ద అందించండి. కంచాన్ని ఆయన ముందు పెడితే కుక్కుకుంటారు కాబట్టి అది మీ దగ్గరే ఉంచుకుని, చిన్న చెంచాతో ఒక్కొక్కటే ఇవ్వండి. ఒకటి మింగాక "ఇంకోసారి మింగు మామా" అని చెప్పి, నోరు ఖాళీ అయిందో లేదో చూసి, అప్పుడు రెండోది ఇవ్వండి. టీవీ ఆపేయండి, తినేటప్పుడు ఆయనను మాట్లాడించకండి. తిన్న తర్వాత కనీసం అరగంట పడుకోబెట్టవద్దు. గడ్డం దించి మింగించడం కొందరికే మేలు చేస్తుంది, ఆయనకు పనికొస్తుందో లేదో పరీక్ష చేసినవారు చెప్పాలి.

సంగటి మానిపించాలా అన్నారు. మానిపించనక్కరలేదు, మార్చుకోవాలి. మన వైపు సంగటిని నమలరు, ముద్దను పప్పులోనో పులుసులోనో అద్ది మింగుతారు. ఆరోగ్యవంతులకు అది సుఖం. గొంతు బలహీనపడినవారికి మాత్రం చల్లారి గట్టిపడిన సంగటి ముద్ద అంగిట్లో అతుక్కుంటుంది, గొంతులో అడ్డం పడుతుంది. బియ్యం మెతుకు కనపడకుండా మెత్తగా ఉడికించి, నీళ్లు ఎక్కువ పోసి, ఉండలు కట్టకుండా కలిపి, వేడి తగ్గి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే చిక్కటి పప్పుతో, నెయ్యితో కలపండి. చెంచాలోకి తీసుకున్నప్పుడు ఆకారం నిలవాలి, చెంచా వంచితే ఒక్కసారిగా జారిపోవాలి, చెంచాకు అంటుకోకూడదు. అంటుకుందంటే ఆయన గొంతుకూ అంటుకుంటుంది. పప్పులో పోపు గింజలు, కరివేపాకు, మిరపతొక్కులు తీసేయండి. ఉగ్గాని, వేయించిన చెనిక్కాయలు, పొడి అన్నం, పొడిగా విరిగే రొట్టె వద్దు. చారన్నం మెత్తనిదే కదా అనిపిస్తుంది కానీ అందులో పలుచటి నీరు ముందు జారి, మెతుకులు తర్వాత కదులుతాయి, ఆ రెండింటినీ ఒకేసారి సంబాళించడం ఆయన గొంతుకు కష్టం. ఈ మార్పులన్నీ మీ అత్తగారి చేతే చేయించండి. ఆమెను వంటింటి నుంచి తప్పిస్తే చాటుగా పెట్టడం ఆగదు. సరైన సంగటి ఎలా ఉండాలో ఆమెకే అప్పగిస్తే ఆమె కన్నా శ్రద్ధగా చేసేవారు ఆ ఇంట్లో ఉండరని నా నమ్మకం.

నీళ్ల విషయంలో నేను తూచి చెప్పవలసి వస్తోంది. పలుచటి నీళ్లు వేగంగా జారుతాయి కాబట్టి, మందుల షాపుల్లో దొరికే పొడితోనో, రాగి జావలా చేసో చిక్కబరిచి ఇవ్వమని చెబుతారు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పార్కిన్సన్ లేదా మతిమరుపు జబ్బు ఉన్న 711 మందిని ఎక్స్‌రే తెర మీద చూస్తూ మింగించినప్పుడు, తేనెలా చిక్కబరిచిన ద్రవం ఊపిరి గొట్టంలోకి జారడం తక్కువగా కనిపించింది. అయితే వారిలో కొందరిని మూడు నెలలపాటు గమనిస్తే, చిక్కటివి తాగినవారికీ, గడ్డం దించి పలుచటివే తాగినవారికీ మధ్య నెమ్ము రావడంలో చెప్పుకోదగిన తేడా తేలలేదు. పైగా చిక్కటి ద్రవాలు ఇచ్చినవారిలో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఎక్కువగా కనిపించింది. అనంతపురం ఎండల్లో ఇది చిన్న మాట కాదు. చిక్కటివి ఇచ్చినా రోజు మొత్తంలో ఎంత దిగిందో చూసుకోండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, మనిషి మగతగా ఉన్నా ఆ పద్ధతి ఆయనకు సరిపోవడం లేదని డాక్టరుకు చెప్పండి.

మాత్రలు అన్నానికి అరగంట ముందు ఇవ్వడం మంచిది, పప్పు, పెరుగు, పాలలోని మాంసకృత్తులు సిన్డోపా ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. నీళ్లతో దిగకపోతే మెత్తగా చిదిమిన అరటిపండులో పెట్టి ఇవ్వవచ్చు. అట్ట మీద సి.ఆర్. అని ఉన్న మాత్రను మాత్రం నూరకూడదు, నూరితే మందంతా ఒకేసారి విడుదలవుతుంది.

నోటి శుభ్రత గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. ప్రతిసారి తిన్న తర్వాత, పడుకునే ముందు పళ్లు, నాలుక, బుగ్గల లోపల తుడవండి, కట్టుడు పళ్లుంటే తీసి కడగండి. ఉమ్మి జారడాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, ఆ ఉమ్మిలో క్రిములు తక్కువగా ఉంటే నెమ్ము ప్రమాదం తగ్గుతుంది. ఖర్చు లేని పని, ఇంట్లో ఎవరైనా చేయగల పని.

పొలమారినప్పుడు ముందుకు వంచి దగ్గనివ్వండి, ఆ సమయంలో నీళ్లు పోయకండి. దగ్గు కూడా రాక, మాట రాక, ఊపిరి ఆడక కొట్టుకుంటుంటే ముద్ద పూర్తిగా అడ్డుపడిందని అర్థం. ముందుకు వంచి రెండు భుజపుటెముకల మధ్య అరచేతిలో మణికట్టు వైపు భాగంతో ఐదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు పైన, పక్కటెముకలకు దిగువన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో అందరూ డాక్టరు దగ్గరో నర్సు దగ్గరో ఒకసారి ఇది చేయించి చూసుకోవాలి.

గొట్టం గురించి తేల్చుకోక ముందు జరగవలసిన పరీక్ష ఒకటి ఇంకా జరగలేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే తెర మీద చూడడం ఒక పద్ధతి, ముక్కు గుండా సన్నని కెమెరా పంపి గొంతును చూస్తూ మింగించడం ఇంకొకటి. ఏ చిక్కదనం ఆయనకు భద్రం, ఏది జారుతోంది, ఎలా కూర్చుంటే మేలు అన్నవి ఊహలతో కాకుండా కళ్లారా తెలుస్తాయి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో నరాల విభాగాలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో నరాల వైద్యులతో పాటు మాట, మింగుడు కష్టాలను చూసే నిపుణులూ ఉన్నారు. మింగడం నేర్పే నిపుణులు గట్టిగా ఊపిరి వదిలే వ్యాయామాల వంటివి కూడా చేయిస్తారు. అవి పార్కిన్సన్‌లో దగ్గుకు, మింగడానికి కొంత బలం ఇచ్చాయి. పి.ఎస్.పి.లో అంతగా ఆశ పెట్టుకోలేము.

గొట్టం వేయిస్తే దగ్గు, నెమ్ము పోతాయా అన్న ప్రశ్నకు నేరుగా చెబుతాను, అలా పోతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముక్కు నుంచి వేసే గొట్టం కొద్ది వారాలకు పనికొస్తుంది. నెమ్ముతో నీరసించిన మనిషి కోలుకునే దాకా ఆహారం, మందులు అందుతాయి. అది చాలామందికి బాధగా ఉంటుంది, తెలియకుండా పీకేసుకుంటారు. పొట్ట గోడ గుండా ఎండోస్కోపీతో అమర్చే పెగ్ గొట్టం ఎక్కువ కాలానికి. బరువు తగ్గిపోతుంటే, ఒక పూట తినిపించడానికి గంట పడుతుంటే, మాత్రలు దిగకపోతుంటే దాని వల్ల నిజమైన ఊరట ఉంటుంది. తినిపించే యుద్ధం ఆగుతుంది, రుచి కోసం ఒకటి రెండు చెంచాలు నోటికి ఇవ్వడానికి కొందరిలో వీలుంటుంది. కానీ నోట్లో ఊరే ఉమ్మిని గొట్టం ఆపదు, పొట్టలోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారడాన్నీ ఆపదు. పోసేటప్పుడు, తర్వాత తల ఎత్తుగా ఉంచాలి, చర్మం దగ్గర చీము పట్టకుండా చూడాలి, గొట్టం మూసుకుపోకుండా కడగాలి. ఆ పనంతా రోజూ చేసేది హైదరాబాదులో ఉన్న బావగారు కాదు, మీరు. ఆయన సలహాలో ప్రేమ ఉంది. ఆ ప్రేమతోనే నెలకు ఇన్ని రోజులు వచ్చి ఉండగలరా, ఒక మనిషిని పెట్టడానికి డబ్బు పంపగలరా అని మీ భర్త ఆయనను అడగాలి.

గొట్టం వద్దనుకుంటే చేయవలసిన పని ఏమీ లేదనుకోకండి. ప్రమాదం ఉందని తెలిసే, ఆయనకు ఇష్టమైనది, ఆయన తినగలిగినంత, పైన చెప్పిన జాగ్రత్తలతో చేత్తో పెట్టడం కూడా ఎంచుకోదగిన దారే. దాన్ని డాక్టరుకు చెప్పి ఎంచుకోవాలి, చాటుగా కాదు. ఈ దారిలో నెమ్ము మళ్లీ రావచ్చు, బరువు తగ్గవచ్చు, ఒకసారి వచ్చే నెమ్ము ఆఖరిది కావచ్చు. ప్రతిసారీ ఆసుపత్రికి తీసుకుపోవాలా, వెంటిలేటర్ దాకా వెళ్లాలా, ఇంట్లోనే బాధ తగ్గించే వైద్యం చాలా అన్నది ముందే మాట్లాడుకోవాలి. పాపం తగులుతుందా అని అడిగారు. ఈ దశలో ఆహారం తగ్గేది మీరు పెట్టక కాదు, జబ్బు మింగనివ్వక. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. మీ భర్త గొట్టం వద్దనడంలోనూ, బావగారు కావాలనడంలోనూ నాకు పాపం కనిపించడం లేదు.

ఇంత పెద్ద ఉత్తరంలో బావగారి మాట ఉంది, భర్త మాట, అత్తగారి మాట, ఆడపడుచు మాట ఉన్నాయి. మీ మామగారి మాట ఒక్కటీ లేదు. ఆయన మాట సన్నగిల్లింది కానీ ఆలోచన ఆగిపోయిందని మీరు ఎక్కడా రాయలేదు. పి.ఎస్.పి.లో జవాబు ఆలస్యంగా వస్తుంది, మనం ఓపిక పట్టక మన మాటే ఆయన మాటగా చెప్పేస్తాం. తెరిపిగా ఉన్న ఒక ఉదయం, టీవీ లేకుండా, మీ భర్త ఆయన పక్కన కూర్చుని చిన్న చిన్న ప్రశ్నలు అడగాలి. "నాయనా, పొట్టకు గొట్టం పెడితే ఆకలి తీరుతుంది, నోటితో తినేది తగ్గిపోతుంది. నీకు సమ్మతమేనా?" అని అడిగి, అవునంటే చెయ్యి నొక్కమని చెప్పి, ఒక నిమిషమైనా మౌనంగా ఆగాలి. కొన్ని రోజుల తర్వాత అదే ప్రశ్న ఇంకో విధంగా అడిగి, జవాబు అదే వస్తోందా చూడాలి. జబ్బు ముదిరితే ఈ అవకాశం పోతుంది, అందుకే గొట్టం కన్నా ముందు ఈ సంభాషణకు తొందర పడమంటున్నాను.

ఆయన స్పష్టంగా చెప్పగలిగితే దానికి చట్టపరమైన విలువ కూడా ఉంది. ప్రాణం నిలిపే చికిత్సల గురించి ముందస్తు కోరికను రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. తెలివిలో ఉన్న వ్యక్తి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరింపజేసుకుంటే సరిపోతుంది. అంత దూరం పోలేకపోయినా, ఆయన ఏమన్నారో తేదీ వేసి కాగితం మీద రాసి, ఒక ప్రతి బావగారికి పంపి, ఒకటి మందుల చీటీల ఫైలులో పెట్టుకుని, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందుగా దాన్నే చూపించండి.